నిలబెట్టి తీసిన ఎక్స్‌రే

ఒకే మోకాలికి ఒకే రోజున తీసిన రెండు ఎక్స్‌రే ఫిల్ములను వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. మొదటిది బల్ల మీద పడుకోబెట్టి తీసింది. పైన తొడ ఎముక, కింద ముంగాలి ఎముక, రెంటి నడుమ నల్లటి సందు. సందు బాగానే ఉంది కాబట్టి కీలు కూడా బాగానే ఉందనిపిస్తుంది. రెండోది అదే మనిషిని నిలబెట్టి, ఒంటి బరువంతా రెండు కాళ్ల మీదా సమంగా మోపించి తీసింది. ఇందులో మోకాలి లోపలి వైపు సందు దాదాపు మూసుకుపోయింది. ఎముక మీద ఎముక ఆనుకుని ఉంది. మనిషి అదే, యంత్రం అదే. కాకపోతే రెండోసారి మోకాలు రోజూ మోసే బరువును మోస్తూ ఉంది.

ఆ నల్లటి సందు ఖాళీ కాదు. ఎముకల కొసలకు నున్నటి పూతలా అంటుకుని ఉండే మృదులాస్థి అక్కడే ఉంటుంది. జనం గుజ్జు అనేది దీన్నే. ఎక్స్‌రే కిరణాలను అడ్డుకునేంత సున్నం దాంట్లో లేదు కాబట్టి ఫిల్ము మీద కనిపించదు. ఎముకల మధ్య దూరాన్ని చూసి గుజ్జు ఎంత మిగిలిందో అంచనా వేస్తారు. పడుకున్నప్పుడు బరువు పడదు కనుక గుజ్జు పోయిన చోట కూడా ఎముకలు ఎడంగానే ఉండిపోవచ్చు. అప్పుడు ఆ అంచనా తప్పుతుంది. మోకాళ్లను సుమారు 45 డిగ్రీలు వంచి నిలబెట్టి వెనక నుంచి తీసే పద్ధతి ఒకటుంది. 1988లో రోజెన్‌బర్గ్ అనే వైద్యుడు దాన్ని వివరించాడు. నిటారుగా నిలబడ్డప్పుడు కూడా దాక్కునే అరుగుదల అందులో బయటపడుతుంది. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు. డాక్టరు చీటీ మీద "నిలబెట్టి, రెండు మోకాళ్లు" అని రాయాలి, టెక్నీషియన్ ఓపిగ్గా నిలబెట్టాలి, అంతే.

అయినా మన ఊళ్లలో మోకాలి నొప్పితో పెద్ద డాక్టరు దగ్గరికి వచ్చే అరవై ఏళ్ల మనిషి సంచిలో చాలాసార్లు ఎంఆర్‌ఐ కవరు ఉంటుంది, నిలబెట్టి తీసిన ఎక్స్‌రే మాత్రం ఉండదు. వేలకు వేలు పోసి చేయించిన స్కాన్ పక్కన పెట్టి, కొన్ని వందల్లో అయిపోయే ఎక్స్‌రే కోసం మళ్లీ పంపాల్సి వస్తుంది. ఖరీదైన పరీక్షలో అన్నీ తెలిసిపోతాయన్న నమ్మకమే దీనికి మూలం. కీళ్ల విషయంలో ఆ నమ్మకం చేసే చెరుపు డబ్బుతో ఆగదు. అవసరం లేని ఆపరేషన్ల దాకా తీసుకుపోతుంది.

ఏ యంత్రం దేన్ని చూడగలదో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. 1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ అనే శాస్త్రవేత్త ఎక్స్‌రే కిరణాలను కనిపెట్టాడు. డిసెంబరు 22న భార్య చేతి చిత్రం తీశాడు. అందులో వేళ్ల ఎముకలు, ఉంగరం స్పష్టంగా కనిపించాయి, కండ మసకగా మిగిలిపోయింది. ఎక్స్‌రే స్వభావం నేటికీ అదే. కాల్షియం ఉన్న చోట తెల్లగా, లేని చోట మసకగానో నల్లగానో చూపిస్తుంది. ఎముక విరగడం, అంచుల్లో ముళ్లలా పెరగడం, కీలు సందు తగ్గడం, ఎముక గట్టిపడటం దీనికి తెలుస్తాయి. 1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు తయారుచేసిన యంత్రంతో తొలి రోగికి తీసిన సీటీ స్కాన్ కూడా ఎక్స్‌రే సంతతే. చుట్టూ తిరిగి తీసి, కంప్యూటరు లెక్కతో పొరలు పొరలుగా చూపిస్తుంది. మోకాలి కింది ఎముక పైభాగం నలిగిపోయినప్పుడు ఎన్ని ముక్కలయ్యాయో, ఏ ముక్క ఎంత కిందికి దిగిందో శస్త్రవైద్యుడికి తెలియాలంటే సీటీయే కావాలి. మామూలు అరుగుదల నొప్పిలో దానికి దాదాపు పనిలేదు.

ఎంఆర్‌ఐ దారి వేరు. ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలను అది బలమైన అయస్కాంతంతో వరసలో నిలబెట్టి, రేడియో తరంగాలతో కదిపి, అవి తిరిగిచ్చే సంకేతాన్ని పట్టుకుంటుంది. మన ఆసుపత్రుల్లో సాధారణంగా ఉండే 1.5 టెస్లా అయస్కాంతం భూమి అయస్కాంత క్షేత్రం కంటే సుమారు ముప్ఫై వేల రెట్లు బలమైనది. 1973లో లాటర్‌బర్ అనే శాస్త్రవేత్త ఈ పద్ధతితో చిత్రాలు తీయవచ్చని చూపాడు. ఆయనకూ, మాన్స్‌ఫీల్డ్ అనే మరో శాస్త్రవేత్తకూ 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. గుజ్జు, మోకాలి ఎముకల నడుమ మెత్తలా ఉండే మెనిస్కస్, ఎముకలను కలిపి కట్టే లిగమెంటు, ఎముక లోపలి మజ్జలో చేరిన నీరు, అన్నీ ఇందులో కనిపిస్తాయి. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. అన్నీ కనిపిస్తాయి కాబట్టి నొప్పికి సంబంధం లేనివీ కనిపిస్తాయి.

ఈ సంగతి తేల్చిన పరిశోధన అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో జరిగింది. 50 నుంచి 90 ఏళ్ల మధ్య వయసున్న 991 మందిని, మోకాలు నొస్తోందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా ఎంచుకుని, కుడి మోకాలికి ఎంఆర్‌ఐ తీశారు. ఫలితాలు 2008లో వచ్చాయి. యాభైల్లో ఉన్న ఆడవాళ్లలో 19 శాతం మందికి, 70 దాటిన మగవాళ్లలో 56 శాతం మందికి మెనిస్కస్ చిరిగిగానీ బాగా పాడైగానీ ఉంది. చిరుగు ఉన్నవాళ్లలో 61 శాతం మంది, అంతకు ముందు నెల రోజుల్లో ఆ మోకాలికి నొప్పిగానీ పట్టేసినట్టుగానీ లేదన్నారు. నాలుగేళ్ల తర్వాత అదే పట్టణం నుంచి ఇంకో లెక్క వచ్చింది. ఎక్స్‌రేలో అరుగుదల గుర్తులేవీ లేని, యాభై దాటిన 710 మందికి ఎంఆర్‌ఐ తీస్తే 89 శాతం మందిలో ఏదో ఒక లోపం కనిపించింది. నొప్పి ఉన్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ ఆ శాతం ఇంచుమించు ఒకటే.

యాభై ఐదేళ్ల ఆవిడ ఒకరు మోకాలు నొస్తోందని నేరుగా స్కానింగ్ సెంటరుకు వెళ్లిందనుకుందాం. రిపోర్టులో "మెనిస్కస్ వెనక కొమ్ములో చిరుగు" అని వస్తుంది. ఆ వయసులో అది నెరిసిన వెంట్రుకంత సహజం కావచ్చు. కానీ కాగితం మీద "చిరుగు" అని చదివాక ఏ మనసు ఊరుకుంటుంది? చిరిగితే కుట్టాలి, లేదా కత్తిరించాలి అనే అనిపిస్తుంది. ఫిన్లండ్ వైద్యులు సరిగ్గా ఇలాంటివాళ్లనే ఎంచుకుని పరీక్షించారు. 35 నుంచి 65 ఏళ్ల వయసు, అరుగుదల జబ్బు లేదు, మెనిస్కస్‌లో క్రమంగా వచ్చిన చిరుగు ఉంది. అలాంటి 146 మందిలో సగం మందికి కీలులోకి గొట్టం పంపి చిరిగిన భాగాన్ని నిజంగానే కత్తిరించారు. మిగతా సగానికి గొట్టం పెట్టి చూశారేగానీ, కత్తిరిస్తున్నట్టు నటించి ఊరుకున్నారు. ఎవరికి ఏది జరిగిందో రోగులకు తెలియదు. ఏడాది తర్వాత రెండు జట్లూ బాగానే మెరుగుపడ్డాయి, రెంటి మధ్య తేడా మాత్రం కనిపించలేదు. 2013లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఆ ఆవిడకు తొడ కండరాలు బలపడే వ్యాయామం, వీలైతే కొంత బరువు తగ్గడం, అవసరమైనప్పుడు నొప్పి మందు, ఇవే ముందు ఇవ్వాల్సిన వైద్యం. ఎంఆర్‌ఐ తీసినా తీయకపోయినా ఇదే వైద్యమైతే, ఆ స్కాన్ ఆవిడకు అదనంగా ఇచ్చింది భయం ఒక్కటే.

ఇంకో మెట్టు ముందుకెళ్తే, చాలామందికి ఎక్స్‌రే కూడా వెంటనే అక్కర్లేదు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల ప్రకారం, 45 ఏళ్లు దాటినవాళ్లకు పని చేసినప్పుడు కీలు నొస్తూ, పొద్దున లేచాక బిగుసుకుపోవడం లేకపోతే, లేదా అరగంటలోపే సర్దుకుంటే, అరుగుదల జబ్బుగా నిర్ధారించడానికి మామూలుగా ఏ చిత్రమూ తీయనవసరం లేదు. డాక్టరు చేతులతో పరీక్షించి చెప్పవచ్చు. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు ఎక్స్‌రేలోని అరుగుదలకు 0 నుంచి 4 వరకు మెట్లు కట్టారు. ఇప్పటికీ రిపోర్టుల్లో కనిపించే "గ్రేడ్ 2", "గ్రేడ్ 3" అక్కడి నుంచి వచ్చినవే. ఆ మెట్టూ నొప్పీ కలిసి నడవాలని ఏమీ లేదు. గ్రేడ్ 3 ఉన్నా తిరుమల మెట్లెక్కి వచ్చేవాళ్లున్నారు, గ్రేడ్ 1తోనే పీట మీద కూర్చోలేనివాళ్లున్నారు. వైద్యం నొప్పికీ, నడకకూ చేయాలి.

నొప్పి తీరు మామూలుగా లేనప్పుడు, వ్యాయామంతో తగ్గనప్పుడు, ఆపరేషన్ ఆలోచన వచ్చినప్పుడు ఎక్స్‌రే తీయాలి. అదీ నిలబెట్టే తీయాలి. కీలు మార్పిడి దాకా వస్తే తుంటి నుంచి చీలమండ దాకా పొడుగు ఫిల్ము కూడా అడుగుతారు, కాలు ఎటు వంగిందో లెక్కకట్టడానికి. అలాంటి ఫిల్ములో ఎముకలు ఆనుకున్నట్టు తేలాక, ఆపరేషన్ కావాలా వద్దా అని నిర్ణయించడానికి ఎంఆర్‌ఐతో పనిలేదు.

దెబ్బ తగిలిన మోకాలికి కూడా ప్రతిసారీ ఎక్స్‌రే అక్కర్లేదని కెనడాలోని ఒట్టావా వైద్యులు 1995లో చూపించారు. వయసు 55 లేదా అంతకు మించితే, మోకాలిచిప్ప ఒక్కటే నొక్కితే నొస్తే, మోకాలి బయటి పక్కన సన్న ఎముక తల దగ్గర నొస్తే, మోకాలు 90 డిగ్రీలు వంగకపోతే, దెబ్బ తగిలినప్పుడూ ఆసుపత్రికి వచ్చాకా నాలుగడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయాలి. వీటిలో ఒక్కటి కూడా లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. చేతివేళ్లతో, నాలుగడుగుల నడకతో అయిపోయే పరీక్ష ఇది.

ఇంతా చెప్పి ఎంఆర్‌ఐని తీసిపారేస్తే అన్యాయం. అది లేకపోతే కీలు పోగొట్టుకునేవాళ్లున్నారు. కబడ్డీలో మోకాలు మెలిపడి, లోపల టప్పుమని శబ్దం వచ్చి, గంటల్లోనే వాచి, తర్వాత నడుస్తుంటే మోకాలు జారిపోతున్న కుర్రాడికి ముందరి క్రూసియేట్ లిగమెంటు తెగిందేమో చూడాలి. మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాచలేకపోతున్నా అంతే. కానీ ఎంఆర్‌ఐ నిజంగా ప్రాణం పోసేది తుంటి దగ్గర. తొడ ఎముక తలకు రక్తం సరిగా అందక ఆ ఎముక చచ్చిపోయే జబ్బు ఒకటుంది. ముప్ఫైల్లో, నలభైల్లో ఉన్న మనిషికి గజ్జలో నొప్పి మొదలవుతుంది, నడక కుంటుపడుతుంది. ఎక్స్‌రే తీస్తే బాగానే ఉంటుంది. "ఏమీ లేదు" అని పంపేస్తారు. కొన్ని నెలల తర్వాత మళ్లీ తీస్తే గుండ్రంగా ఉండాల్సిన తల నొక్కుకుపోయి ఉంటుంది. అప్పటికి తుంటి మార్పిడి తప్ప దారి ఉండదు. మొదటిసారే ఎంఆర్‌ఐ తీసి ఉంటే మజ్జలోని మార్పు తెలిసిపోయేది. తల కుంగక ముందే ఎముకలో రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించి, సొంత కీలును కాపాడుకునే ప్రయత్నం చేయవచ్చు. తీసేటప్పుడు రెండు తుంట్లూ తీయాలి, ఎందుకంటే రెండోది కూడా మౌనంగా పాడవుతూ ఉండటం మామూలే.

ఈ అనుమానం ఎప్పుడు రావాలి? ఎక్కువ కాలం స్టెరాయిడ్ మందులు వాడినవాళ్లకు, కోవిడ్ సమయంలో పెద్ద మోతాదులో తీసుకున్నవాళ్లకు, విపరీతంగా మద్యం తాగేవాళ్లకు గజ్జలో నొప్పి వస్తే. ఏముందో రాయని కీళ్లనొప్పుల పొడుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండటం పరీక్షల్లో బయటపడిన సంగతే. కాబట్టి "నేను ఇంగ్లీషు మందులు వాడలేదు" అన్న మాటతో డాక్టరు ఆగిపోకూడదు. సికిల్ సెల్ రక్తజబ్బు ఉన్న ఆదివాసీ కుటుంబాల పిల్లలకూ, యువకులకూ ఇదే ముప్పు ఉంది. ఆదిలాబాద్ అయినా, పాడేరు అయినా, ఏజెన్సీలో తుంటి నొప్పితో వచ్చిన కుర్రాడి ఎక్స్‌రే బాగుందని తిప్పి పంపడం కంటే, అక్కడి నుంచి ఎంఆర్‌ఐ ఉన్న ఊరికి పంపే ఏర్పాటు చేయడం అతని జీవితాన్ని మారుస్తుంది. నగరంలో ఒక వీధిలో రెండు స్కానింగ్ సెంటర్లు అవసరం లేని మోకాళ్ల చిత్రాలు తీస్తుంటే, అవసరమున్న తుంటికి దగ్గర్లో ఆ యంత్రం దొరకకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

తుంటి జబ్బు మోకాలి నొప్పిగా బయటపడటం ఇంకో ఉచ్చు. రెంటికీ వెళ్లే నరాలు కలిసే ఉన్నాయి. పదకొండు, పన్నెండేళ్ల బొద్దుగా ఉన్న పిల్లవాడు మోకాలు నొస్తోందంటూ కుంటుతున్నాడు. మోకాలి ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. అక్కడ ఆగితే ప్రమాదం. తుంటిలో ఎముక తల ఎదిగే పొర దగ్గర జారి ఉండవచ్చు. రెండు తుంట్లూ కనిపించేలా ముందు నుంచీ, కప్పలా మోకాళ్లు విప్పి పెట్టించీ తీసిన ఎక్స్‌రేలో అది తెలుస్తుంది. తెలిసిన క్షణం నుంచి ఆ పిల్లవాడిని నడవనివ్వకుండా శస్త్రవైద్యుడి దగ్గరికి చేర్చాలి.

భుజం దగ్గరికి వస్తే అల్ట్రాసౌండ్ మంచి నేస్తం. భుజాన్ని లేపే కండరాల తాళ్లు చిరిగాయా లేదా అన్నది చెయ్యి కదిలిస్తూనే చూడవచ్చు. వేళ్ల కీళ్లు వాచి, పొద్దున గంటకు పైగా బిగుసుకుపోయే కీళ్లవాతంలో, ఎక్స్‌రేలో ఎముక కొరుకుడు కనపడక ముందే లోపలి పొర వాపునూ, అందులో పెరిగిన రక్తప్రసరణనూ ఇది చూపిస్తుంది. చూసేవాడి నేర్పు మీద చాలా ఆధారపడే పరీక్ష ఇది. మన దేశంలో ఇంకో సంగతి కూడా ఉంది. గర్భంలో ఆడపిల్లలను చంపకుండా తెచ్చిన 1994 చట్టం కింద అల్ట్రాసౌండ్ యంత్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కీళ్ల డాక్టరు టేబులు పక్కన ఈ యంత్రం అంత సులువుగా కనిపించకపోవడానికి అదొక కారణం. ఆ చట్టం అవసరం ఎంతటిదో మనకు తెలుసు. కాబట్టి శిక్షణ ఉన్న రేడియాలజిస్టు దగ్గరికి పంపడమే సరైన దారి. షుగరు ఉన్నవాళ్లలో భుజం బిగుసుకుపోవడం తరచు జరుగుతుంది. చెయ్యి ఎంతవరకు తిరుగుతోందో చూసే దాన్ని పోలుస్తారు. ఎక్స్‌రే ఒకటి తీసి వేరే జబ్బు లేదని తేల్చుకుంటే చాలు.

ఏ చిత్రం కోసమూ ఆగకూడని సందర్భం ఒకటుంది. ఒక్క కీలు ఉన్నట్టుండి వాచి, కాలిపోతూ, ముట్టుకోనివ్వకుండా నొస్తూ, జ్వరం కూడా ఉంటే కీలులో చీము పట్టిందేమోనని అనుమానించాలి. మొదటి రోజుల్లో ఎక్స్‌రే బాగానే ఉండవచ్చు. ఎంఆర్‌ఐ వాపునూ నీటినీ చూపిస్తుంది, ఆ నీరు చీమో, స్ఫటికాలు చేరి వచ్చే గౌటో గట్టిగా తేల్చలేదు. సూదితో ఆ నీటిని తీసి సూక్ష్మదర్శినిలో చూడాలి, కల్చర్‌కు పంపాలి. గౌటైతే సూదుల్లాంటి యూరేటు స్ఫటికాలు కనిపిస్తాయి. చీమైతే క్రిములు దొరకవచ్చు. చీము గుజ్జును రోజుల్లోనే తినేస్తుంది కాబట్టి స్కాన్ అపాయింట్‌మెంటు కోసం రేపటిదాకా ఆగడానికి వీల్లేదు.

రేడియేషన్ భయం గురించి రెండు మాటలు. మోకాలి ఎక్స్‌రేతో ఒంటికి చేరేది సుమారు 0.005 మిల్లీసీవర్టు. గాలి, నేల లాంటి ప్రకృతి మూలాల నుంచి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు మనకు ఎలాగూ చేరుతూనే ఉంటాయి. అంటే మోకాలి ఎక్స్‌రే ఒక రోజు సహజంగా అందేదాని కంటే తక్కువ. నడుము ఎక్స్‌రేలో అది వందల రెట్లు ఎక్కువ, నడుము సీటీలో ఇంకా ఎక్కువ. గర్భం ఉండవచ్చని అనుమానం ఉంటే ముందే చెప్పాలి. ఎంఆర్‌ఐలో ఈ కిరణాలు లేవు, కానీ పేస్‌మేకరు, మెదడులో పెట్టిన క్లిప్పు, కంట్లో పడ్డ ఇనుప రజను ఉన్నవాళ్లు లోపలికి అడుగు పెట్టక ముందే ఆ సంగతి చెప్పి తీరాలి. తాళి, మెట్టెలు, తాయెత్తు, వినికిడి యంత్రం బయటే తీసి పెట్టాలి.

ఇక మన నేలలో బాగా కనిపించే కీళ్లనొప్పి ఒకటి మిగిలింది. నల్లగొండ జిల్లాలో, ఉమ్మడి ప్రకాశం జిల్లా దర్శి, కనిగిరి వైపు పల్లెల్లో నడుము వంగిపోయి, మెడ తిరగక, మోకాళ్లు బిగుసుకుపోయినవాళ్లను తరాలుగా చూస్తున్నాం. 1937లోనే షార్ట్ అనే వైద్య పరిశోధకుడి బృందం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బును గుర్తించి, నీళ్లలోని ఫ్లోరైడే కారణమని రాసింది. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఫ్లోరైడ్ పల్లెల పిల్లల్లో మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా వంగడాన్ని వివరించారు. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లు కీళ్లవాతం అనుకుని ఏళ్ల తరబడి మందులు మింగుతారు. ఈ జబ్బును పట్టుకోవడానికి మోకాలి కంటే ముంజేతి ఎక్స్‌రే మంచిది. మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు ఎముకలు పక్కపక్కనే వస్తాయి. వాటిని కలుపుతూ ఒక పలుచటి పొర ఉంటుంది. మామూలు మనిషి ఫిల్ములో అది కనిపించదు. ఫ్లోరోసిస్ ముదిరినవాళ్లలో ఆ పొరకు సున్నం పట్టి, ఎముక అంచు నుంచి రెండో ఎముక వైపు తెల్లటి పళ్లలా పొడుచుకు వస్తుంది. నడుము ఎక్స్‌రేలో వెన్నుపూసలు సుద్దలా తెల్లగా, గట్టిగా ఉంటాయి. ఎంఆర్‌ఐకి సున్నం సరిగా కనపడదు, అందువల్ల ఇక్కడ దానికంటే మండల ఆసుపత్రిలోని పాత ఎక్స్‌రే యంత్రమే గట్టి సాక్ష్యం చెబుతుంది. ఆ ఫిల్ము చూసిన డాక్టరు అడగాల్సిన తర్వాతి పరీక్ష కీలుది కాదు, రోగి ఇంట్లో తాగే నీటిది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటిందంటే ఆ ఇంటి బిందెలోకి వేరే నీళ్లు రావాలి. అదే బోరు నీళ్లు తాగుతున్న పక్కింటి పిల్లల పళ్లు కూడా చూడాలి.